తెలుగు రాని పృచ్ఛకుడు

అష్టావధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం ఒకటున్నదని ఈ టపా చదివే మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత రాబోయే అక్షరమేదో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అవధాని ఆ అక్షరాన్ని తప్పించి పద్యాన్ని మరో దారిన నడిపిస్తాడు. నిషేధించేవానికి భాష వచ్చి ఉండాలి, ఛందస్సు తెలిసి ఉండాలి, ఎదుటివాడు ఎటు పోతున్నాడో పసిగట్టగలగాలి. అప్పుడే ఆ నిషేధానికి అందం. ఇప్పుడు మన బడులలో అంతర్జాలానికి కాపలా పెట్టిన వడపోత యంత్రం కూడ పృచ్ఛకుని ఆసనంలోనే కూర్చున్నది. దానికి తెలుగూ రాదు, పాఠమూ తెలియదు. వచ్చినది ఎవరి ఇంటి నుండి అన్నదే దానికి కావాలి.

నిరుడు మా ప్రాంతంలోని ఒక ప్రైవేటు పాఠశాలవారు 9వ తరగతి పిల్లలకు అవధానం గురించి ఒక గంట చెప్పమన్నారు. చెప్పవచ్చును. కాని అవధానం చెబితే తెలిసేది కాదు, చూస్తే తెలిసేది. తిరుపతి వేంకట కవుల అవధానాలను మా తరం పుస్తకాలలో చదువుకొని ఊహించుకొన్నది. నేటి పిల్లలకు ఆ అవస్థ లేదు, యూట్యూబులో అవధానాలు మొదటి నుండి చివరి దాకా ఉన్నవి. రెండు రోజులు ఇంటి దగ్గర కూర్చొని ఒకదానిలో 12 నిమిషాల భాగం ఎంచుకొని వెళ్ళాను. తరగతిలో గోడకు పెద్ద తెర. మీట నొక్కగానే, ఈ వర్గానికి చెందిన స్థలాలు నిషిద్ధమని ఆంగ్లంలో ఒక ఎర్రని ఫలకం ప్రత్యక్షమయింది. ప్రధానోపాధ్యాయులు మర్యాదస్థులు, నొచ్చుకొన్నారు. తాళం తమ చేతిలో లేదనీ, నగరంలోని యాజమాన్య కార్యాలయంవారు బిగించినదనీ చెప్పారు. చివరకు ఒక యువ ఉపాధ్యాయుడు తన సెల్‌ఫోను డేటాను ఆ తెరకు కలిపాడు. అవధానానికి ముందు పేకాట యాపు ప్రకటన ఒకటి వచ్చింది. పిల్లలు పకపక నవ్వారు. అప్రస్తుత ప్రసంగమంటే ఇదేనర్రా అని నేనూ నవ్వాను.

నవ్వు సంగతి అటుంచితే, జరిగినదేమిటో చూడండి. పిల్లలను కాపాడడానికి కట్టిన గోడ మూలంగానే ఆ గంటలో ఏ గోడా లేని దారిన అంతర్జాలం తరగతిలోకి వచ్చింది. బడి తీగ మీద వచ్చి ఉంటే కనీసం ఆ పేకాటనైనా ఆపే ఏర్పాటు చేసి ఉండవచ్చు. పాపం ఆ పంతులు తన జేబులోని డేటా ఖర్చు చేసి, పైగా నియమం తప్పినవాడయ్యాడు.

ఇది ఎవరి దుర్బుద్ధీ కాదు, యంత్రం పనిచేసే తీరే అది. యూట్యూబుకూ మనకూ మధ్య రాకపోకలు గుప్తలిపిలో సాగుతాయి, జాబును కవరులో పెట్టి అంటించినట్లు. బడి వాకిట ఉన్న యంత్రానికి కవరు మీది చిరునామా కనబడుతుంది గాని లోపలి జాబు కనబడదు. కవరు విప్పి చూడాలంటే బడిలోని ప్రతి కంప్యూటరులోనూ ప్రత్యేక ధ్రువపత్రం ఎక్కించాలి. చిన్న బడులు అంత శ్రమ పడవు. కనుక యూట్యూబు ఉంటే మొత్తం ఉండాలి, పోతే మొత్తం పోవాలి. ఇంట్లో ఎలుకలున్నవని ఇంటికే నిప్పు పెట్టడం మన సామెతలలో ఉన్నదే.

మాటలను చూచి ఆపే వడపోతలదీ ఇంకొక తమాషా. 1996 లో ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ అనే పట్టణంవారిని అమెరికా ఆన్‌లైన్ సంస్థవారి యంత్రం ఖాతాలు తెరవనీయలేదు. ఆ ఊరి పేరు నడుమ ఒక బూతుమాట అక్షరాలు వరుసగా పడడమే కారణం. పదచ్ఛేదం తెలియకపోతే వచ్చే తంటా ఇది. తర్కం చదివినవారికి నవకంబళ ఉదాహరణ గుర్తుంటుంది. కొత్త కంబళి కప్పుకొన్నాడంటే, తొమ్మిది కంబళ్లెక్కడివని వాదానికి దిగడం. దానిని శాస్త్రకారులు ఛలమన్నారు. మనిషి చేస్తే ఛలం, యంత్రం చేస్తే భద్రత!

అమెరికాలో ఉన్న మన మిత్రులు అక్కడ చట్టమే ఉన్నదంటారు. ఉన్నది. 2000 లో చేసిన బాలల అంతర్జాల రక్షణ చట్టం ప్రకారం, అంతర్జాలానికి ప్రభుత్వపు రాయితీ పొందే బడులు అశ్లీల దృశ్యాలను ఆపే సాధనం పెట్టి తీరాలి. ఆపవలసినది అశ్లీలాన్ని. వీడియో స్థలాలన్నిటినీ మూయమని ఆ చట్టం చెప్పలేదు. పెద్దవారు న్యాయమైన పని మీద వాడుకొనేటప్పుడు ఆ సాధనాన్ని తాత్కాలికంగా తొలగించే వీలు కూడ అందులోనే ఉన్నది. మన దేశంలో సి.బి.ఎస్.ఇ. 2017 లో ఇచ్చిన మార్గదర్శకాలలోనూ వడపోత పెట్టమన్నారు. పెట్టమనడం వేరు, ఉపాధ్యాయుని చేతికి తాళంచెవి ఇవ్వకపోవడం వేరు.

ఇక ఉపాయం లేదా అంటే, ఉన్నది. యూట్యూబులోనే నియంత్రిత రీతి అని ఒకటున్నది. నిర్వాహకుడు తలుచుకుంటే బడి మొత్తానికి దానిని అమలు చేయవచ్చు. అదీ నిర్దోషమేమీ కాదు. నిరపాయమైన వీడియోలను సైతం దాచివేస్తున్నదని 2017 లో పెద్ద గొడవ జరిగితే, ఆ సంస్థ పొరపాటు ఒప్పుకొన్నది. అయినప్పటికీ తలుపులన్నీ మూయడం కన్న మేలు. గూగుల్ వారి విద్యాలయ ఖాతాలు వాడే బడులలో, నిర్వాహకుడు అధికారమిస్తే ఫలానా వీడియో మా పిల్లలకు తగినదని ఉపాధ్యాయుడే ఆమోదముద్ర వేయగలడు. ఇంట్లో దింపుకొని పెన్‌డ్రైవులో తెచ్చుకోవచ్చు గదా అని ఒక మిత్రుడన్నాడు. ఆ స్థలం నిబంధనలు అనుమతి లేనిదే దింపుకోనీయవు. పిల్లల ఎదుట పంతులు దొడ్డిదారి తొక్కడమెందుకు?

తల్లిదండ్రుల భయం నాకు తెలుసు, కాదనను. ఒక వీడియో చివర పక్కన వరుసగా వచ్చే బొమ్మలను చూస్తే నాకే సిగ్గు వేస్తుంది. అంతకన్న నాకు దిగులు మరొకటి: తెర వెలిగించి కుర్చీలో కునుకు తీసే పంతులు. కనుక తాళంచెవితో పాటు పని కూడ అప్పగించాలి. చూపదలచిన వీడియోను ముందుగా ఆసాంతం చూడాలి. ఎక్కడ ఆపాలో, ఏమి అడగాలో రాసుకొని రావాలి. ఆ రోజు నేను నిషిద్ధాక్షరి దగ్గర తెరను ఆపి, రాబోయే అక్షరమేదై ఉంటుందో చెప్పమన్నాను. మొదట ఎవరూ నోరు విప్పలేదు. తరువాత వెనుక బల్ల నుండి ఒక పిల్ల ఒక అక్షరం చెప్పింది. పృచ్ఛకుడు సరిగ్గా దానినే నిషేధించాడు. తరగతి అంతా గొల్లున చప్పట్లు. ఆ తరువాత వరుసగా నాలుగు అక్షరాలకు పిల్లలు పోటీలు పడ్డారు. ఉత్పలమాలకు గణాలు భ ర న భ భ ర వ, యతి పదవ అక్షరమని పుస్తకంలో ఉన్నదే, దానిని ఇన్నేళ్ళలో అంత ఆత్రంగా అడిగిన తరగతిని నేను చూడలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుండి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల గదులలో పెద్ద పెద్ద డిజిటల్ తెరలు పెట్టడం మొదలయింది. పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా వేదికలో పాఠాలు వస్తాయి. సంతోషమే. తోలుబొమ్మలాట, బుర్రకథ, సురభి నాటకం వంటివి చూపాలన్నప్పుడు ఉపాధ్యాయుడు ఆ సంచి దాటి బయటకు చేయి చాచవలసి వస్తుంది.

ఈ టపా చదివేవారిలో సగానికి పైగా కంప్యూటర్ల రంగంలో ఉన్నవారే. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీరు చదివిన బడికి ఒకసారి వెళ్ళండి. నిర్వాహకుని ఖాతా ఎవరి దగ్గర ఉన్నదో కనుక్కోండి. ఉపాధ్యాయులకు వేరే ప్రవేశం ఇచ్చే మీట ఎక్కడున్నదో ప్రధానోపాధ్యాయునికి చూపించి, తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇచ్చి రండి. అరగంట పని అని మా అబ్బాయి చెప్పాడు.