గృహిణీ విజ్ఞానము: పలుకని నెట్‌వర్కు అడాప్టరు



గత సంవత్సరము పులివెందులలోని మా చెల్లెలి యింట జరిగిన సంగతి యొకటి విన్నవించెదను. ఆమె కుమార్తె ఇంజనీరింగు కౌన్సెలింగునకై కళాశాలల వెబ్ ఆప్షన్లు పెట్టవలసిన కడపటి దినమది. ఉదయమునుండియు లాప్‌టాప్ కంప్యూటరు వైఫైని పట్టదయ్యెను. అంగడివారిని అడుగగా, లోపలి బోర్డే మార్పవలెననియు, రెండు దినములు పట్టుననియు చెప్పిరట. పిల్ల కంట నీరు పెట్టుకొనెను. నేను ప్రొద్దుటూరినుండి ఫోనులో చెప్పుచుండగా తల్లియు బిడ్డయు కూడి పరీక్షించిరి.

మొదట పని గడుపుకొనవలెను. మరమ్మతు పిమ్మట చూచుకొనవచ్చును. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగు తీగతో కంప్యూటరునకు తగిలించి, ఫోను సెట్టింగులలో యుఎస్‌బి టెథరింగు అనుదానిని తెఱచిన యెడల, ఫోనులోని ఇంటర్నెట్టు కంప్యూటరునకు వచ్చును. దీనికి వైఫై అడాప్టరుతో పని లేదు. పిల్ల అట్లే చేసి, మధ్యాహ్నమునకే ఆప్షన్లన్నియు పెట్టుకొనెను. తరువాత తీరికగా దోషమును వెదకితిమి.

వైఫై అడాప్టరనగా కంప్యూటరులోనుండు చిన్న రేడియో. దానిని నడపు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. రేడియో చెడుట అరుదు. డ్రైవరు తప్పుట తఱచు.

పరీక్షించు క్రమమిది. ఇంటి వైఫై ఫోనునకు వచ్చుచున్నదా? రాకున్న దోషము రౌటరుదో, బయటి లైనుదో కాని కంప్యూటరుది కాదు. ఫోనునకు వచ్చుచున్న యెడల, కంప్యూటరులో ఎయిర్‌ప్లేన్ మోడు పొరపాటున పడినదేమో చూడుడు. అది లేకున్న, తెరమీది విండోస్ గుర్తుపై మౌసు కుడి మీట నొక్కి, డివైస్ మేనేజరు తెఱచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ అను వరుసను చూడుడు. అడాప్టరుపై క్రిందికి చూచు బాణమున్న, దానిని ఎవరో ఆపివేసిరని యర్థము. ఎనేబుల్ అనిన చాలును. పసుపుపచ్చని త్రికోణమున్న, తఱచుగా డ్రైవరు దోషమే. మా పిల్ల కంప్యూటరులో కనబడినది ఇదియే. ముందటి రాత్రి అప్‌డేటు వచ్చి క్రొత్త డ్రైవరు చేరినది. ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ అనగానే పాతది తిరిగివచ్చి, వైఫై పలికినది. బోర్డు మార్పవలసిన పనియే లేకపోయెను.

ఆ వరుసలో అడాప్టరు పేరే లేకున్న, కంప్యూటరును పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, పవరు మీటను అరనిమిషము నొక్కి పట్టి, మరల వెలిగింపుడు. అప్పటికిని కనబడనిచో అడాప్టరే చెడియుండవచ్చును. బోర్డు మార్పించుటకు ముందు, యుఎస్‌బికి తగిలించు చిన్న వైఫై అడాప్టరును పెట్టి చూడుడు, ఖర్చు స్వల్పము.

కంప్యూటరు చిరునామా 169.254 అను సంఖ్యలతో మొదలైనచో, అడాప్టరు పనిచేయుచున్నను రౌటరునుండి చిరునామా అందలేదని తెలియవలెను. రౌటరును ఆపి, మరల వెలిగింపుడు.

జమ్మలమడుగు సోదరి యొకరు, తమ యింట వసారాలో వచ్చు వైఫై లోపలి గదిలో రాదేమని యడిగిరి. మన ప్రాంతపు మిద్దెలకు దళసరి రాతిగోడలు గదా! 5 గిగాహెర్ట్‌జ్ తరంగములు వానిని సులభముగా దాటలేవు, 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములు కొంత నయము. ఆ పేరుగల వైఫైని ఎంచుకొనుడు. రౌటరును ఇనుప బీరువా ప్రక్కనుంచకుడు.

తుదకు రెండు హెచ్చరికలు. డ్రైవరును కంప్యూటరు తయారుచేసినవారి స్థలమునుండియే తెచ్చుకొనుడు. ఊరు పేరు లేని ప్రోగ్రాములను నమ్మకుడు. నెట్‌వర్క్ రీసెట్ అనుదానిని చిట్టచివరకే వాడుడు. అది దాచియుంచిన వైఫై పాస్‌వర్డులన్నిటిని చెఱిపివేయును గనుక ముందుగా వ్రాసి పెట్టుకొనుడు.

పొయ్యి రాజనిచో పొయ్యిని మార్తుమా? కట్టె తడిసినదేమో, గాలి యాడుచున్నదో లేదో చూతుము. ఇదియు నట్టిదే. మా చెల్లెలిప్పుడు ఇరుగుపొరుగు పిల్లల కంప్యూటరులను తానే చూచి చెప్పుచున్నది.