కూలి సంచిలో కొడవలి ఆయుధమా?

సిరొంచ నుంచి వంతెన దాటి కాళేశ్వరం వైపు కూలికి పోయేవాళ్ల సంచిలో సద్దితోపాటు కొడవలీ ఉంటుంది. మరి పండగలకో ఎన్నికలకో నిషేధాజ్ఞలు పెడితే ఆ కొడవలి సంగతేంటి?

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించి పొడవు, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పున్న కత్తి ఆయుధమే. ఇంటి పనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవాటిని మాత్రం వదిలేశారు. అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా స్థానిక ఉత్తర్వులతోనే. మహారాష్ట్ర పోలీసు చట్టం 37వ సెక్షన్ కింద కత్తులే కాదు, కర్రలు సైతం వెంట తేవొద్దని అధికారులు ఆంక్ష పెట్టొచ్చు. కొట్టడానికి పనికొచ్చే ఏ వస్తువైనా అందులోకి వస్తుంది. ఇక గొడ్డలి మిగులుతుందా? వంతెన దాటితే తెలంగాణలో మళ్లీ వేరే ఉత్తర్వు. పాత 144 సెక్షనే, 2024 జులై నుంచి 163 అయింది.

కత్తిపోట్లు ఆగాలంటే ఆంక్షలు ఉండాల్సిందే. కాకపోతే ఏ కత్తో చెప్పాలి. ఢిల్లీలో 1980లోనే ఆ పని చేశారు. బటన్ నొక్కితే తెరుచుకునే చాకులాంటివాటికి 7.62 సెంటీమీటర్ల పొడవని కొలత పెట్టి, అది దాటితే లైసెన్సు ఉండాలన్నారు. కొడవలి జోలికి పోలేదు.

ఇక్కడా ఉత్తర్వులో ఒక్క వాక్యం చేర్చొచ్చు: పనికి పోయేవారి పనిముట్లకు ఇది వర్తించదని. మరాఠీ చదవలేని పెద్దలు ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. పంచాయతీ గోడ మీద ఆ కాగితం తెలుగులోనూ అంటించాలి.