మా పిల్లలు పూలు చల్లరు

నేను 24 ఏళ్లు గైడ్ కెప్టెన్‌గా పనిచేశానని చెబితే మన మహిళా సంఘాల మిత్రులు చాలామంది మర్యాదగా నవ్వి ఊరుకుంటారు. ఒకామె మాత్రం దాచుకోకుండా అడిగేసింది: "మెడకి స్కార్ఫ్ కట్టుకుని, మంత్రి వస్తే రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొడతారే, ఆ పిల్లలేనా?" నాకు చాలా కోపం వచ్చింది. ఆమె అన్నదాంట్లో సగం నిజం కాబట్టే అంత కోపం వచ్చిందని ఇంటికొచ్చాక అర్థమైంది. ఆ సగం గురించీ, ఆమెకు తెలియని మిగతా సగం గురించీ రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

ఈ ఉద్యమం ఆడపిల్లల కోసం పుట్టలేదు. 1907లో ఇంగ్లండులో బేడెన్ పవెల్ అనే సైనికాధికారి మగపిల్లల్ని ఒక దీవికి తీసుకెళ్లి క్యాంపు పెట్టాడు. రెండేళ్ల తర్వాత, 1909లో, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద ర్యాలీ జరిగితే ఎవరూ పిలవకుండానే కొందరు ఆడపిల్లలు యూనిఫాం లాంటిది వేసుకుని వచ్చేశారు. మేమూ స్కౌట్లమే అన్నారు. వాళ్లని వెనక్కి పంపడం కుదరక, కలుపుకోవడం ఇష్టం లేక, 1910లో 'గైడ్స్' అని వేరే కుంపటి పెట్టి పవెల్ తన చెల్లెలు ఆగ్నెస్‌కి అప్పగించాడు. 1912లో వాళ్లకోసం వేసిన పుస్తకం, సామ్రాజ్యాన్ని నిలబెట్టడానికి ఆడపిల్లలు ఎలా సాయపడాలో చెప్పే పుస్తకం. మన దేశంలో మొదటి గైడ్ కంపెనీ 1911లో జబల్పూర్లో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. గైడ్ల సంస్థ 1951లో వచ్చి అందులో కలిసింది. కాబట్టి పిలవని పేరంటానికి వెళ్లి పీట వేయించుకున్నవాళ్లు మా పిల్లల పూర్వీకులు. ఆ సంగతి నాకు చాలా ఇష్టం.

నేను మాత్రం అలాంటి తెగువతో ఇందులోకి రాలేదు. 1994లో నేను పనిచేసే జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరు గారు పిలిచి, "స్కౌట్స్‌ని డ్రిల్లు మాస్టారు చూస్తున్నారు, గైడ్స్‌కి లేడీ టీచరే ఉండాలట, మీరు చూడండి" అన్నారు. జీతం లేదు. సాయంత్రాలు, ఆదివారాలు పోతాయి. కెప్టెన్‌గా వారెంటు కావాలంటే ముందు వారం రోజులు క్యాంపులో ఉండి బేసిక్ కోర్సు చెయ్యాలి. అప్పటికి మా పాపకి మూడేళ్లు. వారం రోజులు ఇల్లు వదిలి వెళ్లడానికి మా అత్తగారి దగ్గర, మా ఆయన దగ్గర నేను పడిన అవస్థ చూశాక, ఆ తర్వాత ఏ ఆడపిల్ల "మా నాన్న క్యాంపుకి పంపనన్నాడు టీచర్" అని వచ్చినా నేను విసుక్కోలేదు.

24 మంది పిల్లలతో, మూడు పెట్రోళ్లతో మొదలుపెట్టాం. పెట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది జట్టు. దానికొక లీడరు. స్కౌట్ల పెట్రోళ్లకి పులి, సింహం, గద్ద అని జంతువుల, పక్షుల పేర్లు పెడతారు. గైడ్లకి పువ్వుల పేర్లు. ఎందుకని అడక్కండి, ఎవరో పెద్దలు నిర్ణయించారు. మా మొదటి రెండు జట్లు గులాబీ, మల్లె అని బుద్ధిగా పెట్టుకున్నాయి. మూడో జట్టు పిల్లలు చిరుతపులి కావాలన్నారు. పువ్వే ఉండాలని రూల్ చదివి వినిపించాను. వాళ్లు ఓ పక్కకి పోయి గుసగుసలాడుకుని వచ్చి "అయితే జిల్లేడు" అన్నారు. అదేం పేరని అడిగితే, "నీళ్లు పొయ్యక్కర్లేదు టీచర్, గొడ్లు కూడా మెయ్యవు" అంది తొమ్మిదో తరగతి పిల్ల. రిజిస్టర్లో అలాగే రాశాను.

గైడింగ్‌లో నేర్పేవి చూస్తే చాలా చిన్న విషయాలు. ముడులు వెయ్యడం, మూడు మూలల గుడ్డతో విరిగిన చేతికి కట్టు కట్టడం, దిక్కులు గుర్తుపట్టడం, వెదురు బొంగులు తాళ్లతో బిగించి గేటు నిలబెట్టడం, విజిల్ సంకేతాలు. కానీ 13 ఏళ్ల పిల్ల రాత్రి రెండు గంటలకి మామిడి తోటలో టార్చిలైటు, విజిలు పట్టుకుని, నిద్రపోతున్న 23 మందికి కాపలా కాస్తే అది చిన్న విషయమా? "ఆ టైములో బయట ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు టీచర్" అని తెల్లారి ఒక అమ్మాయి చెప్పింది. నేను మాత్రం చూశానా! పురుళ్లకి ఆసుపత్రికి పరిగెత్తడం తప్ప ఆ వేళ ఆరుబయట నిలబడ్డ ఆడవాళ్లు మనలో ఎంతమంది?

మా స్కూల్లో అనుమతి పత్రం మీద తండ్రి సంతకానికే చోటుండేది. తాగి పడుకున్న తండ్రి, వలస పోయిన తండ్రి, ఇంకో ఊళ్లో ఇంకో కాపురం పెట్టిన తండ్రి ఎక్కడ సంతకం పెడతాడు? చేతిరాతతో 'తల్లి లేదా తండ్రి' అని మార్చి సైక్లోస్టైల్ తీయించాను. రేపు ఏదైనా జరిగితే తల్లి సంతకం చెల్లుతుందా అని స్టాఫ్ రూంలో పెద్ద చర్చ జరిగింది. బడిలో చేర్చడానికి, ఫీజు కట్టడానికి, జ్వరం వస్తే తీసుకెళ్లడానికి చెల్లిన తల్లి క్యాంపుకే ఎందుకు చెల్లదని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు.

వంట దగ్గర కులం వచ్చింది. పెట్రోళ్లు వంతుల వారీగా వండాలి, అందరూ కలిసి తినాలి. రెండో క్యాంపులో ఒక తండ్రి సైకిలు మీద వచ్చి, "ఇవాళ వంట ఏ పిల్లలు చేశారండీ?" అని చాలా వినయంగా అడిగాడు. మల్లె పెట్రోల్ అని చెప్పాను. ఆయన అడిగింది అది కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కూతుర్ని తీసుకెళ్లిపోయాడు. ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్నే ఒక్కతే నడిచి వచ్చేసింది. అన్నిసార్లూ అలా జరగలేదు. వెళ్లి తిరిగిరాని పిల్లలూ ఉన్నారు.

జిల్లా ర్యాలీల్లో ఇంకో తమాషా చూసేదాన్ని. స్కౌట్లకీ వంట పరీక్ష ఉంటుంది. నన్నడిగితే ఈ మొత్తం శిక్షణలో మగపిల్లలకి అన్నిటికన్నా పనికొచ్చేది అదే. కానీ పొయ్యి అంటుకోకపోతే మాస్టార్లు మా గుడారాల వైపు వచ్చి, "అమ్మా, ఆ కాస్త అన్నం మీ పిల్లలచేత వార్పించండి" అనేవారు. మొదట్లో పంపాను. తర్వాత మానేశాను. మాడిన అన్నం తిన్న స్కౌట్లు మరుసటి ఏడాది బాగానే వండారు.

ఇక మొదట చెప్పిన ఆ సగం నిజం దగ్గరికి వస్తాను.

గైడ్ కంపెనీలో పెట్రోల్ లీడర్లంతా కూర్చుని నిర్ణయాలు తీసుకునే కోర్ట్ ఆఫ్ ఆనర్ అనే సభ ఉంటుంది. కెప్టెన్ అక్కడ సలహాదారు మాత్రమే. ఆడపిల్లల మాట రాతపూర్వకంగా నమోదయ్యే చోటు మా ఊళ్లో ఇంకోటి లేదు. 2001 ఏప్రిల్లో ఒక పెద్ద మనిషి మా ఊరికి వస్తున్నాడని, గైడ్స్ దారికి రెండు పక్కలా నిలబడి పూలు చల్లాలని, నలుగురు బొకేలు ఇవ్వాలని హెడ్మాస్టరు కబురు పంపారు. కోర్ట్ ఆఫ్ ఆనర్ కూర్చుంది. ముగ్గురు లీడర్లూ వద్దన్నారు. ఫస్ట్ ఎయిడ్‌కి వస్తాం, మంచినీళ్లు అందిస్తాం, పూలు చల్లం అన్నారు. స్కౌట్లని పూలు చల్లమని ఎందుకు అడగలేదని జిల్లేడు లీడరు అడిగింది.

నేను వాళ్ల నిర్ణయాన్ని తోసేశాను. క్రమశిక్షణ గైడ్ నియమమని గుర్తు చేశాను. పిల్లలు 10 గంటల నుంచి ఎండలో నిలబడ్డారు. ఆయన ఒంటిగంట దాటాక వచ్చాడు. ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయారు. బొకే ఇచ్చిన ఒక అమ్మాయి భుజం మీద, ఆయన వెంట వచ్చిన ఒకాయన ఫోటో కోసమని చెయ్యి వేశాడు. ఫోటో అయిపోయినా తియ్యలేదు. ఆ చెయ్యి భుజం మీదే ఆగలేదు కూడా.

ఆ పిల్ల తన పెట్రోల్ లీడర్‌కి చెప్పింది. ఆమె రెండు రోజులు ఆలోచించి నాకు చెప్పింది. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. "తండ్రి లాంటివాడమ్మా, మనసులో పెట్టుకోకండి" అన్నాను. ఆ అమ్మాయి గైడ్స్ మానేసింది. ఎందుకని నేను అడగలేదు. తెలుసు కాబట్టి అడగలేదు.

గైడ్ నియమాలు తొమ్మిది. క్రమశిక్షణ ఆరోది, ధైర్యం ఏడోది. నేను పిల్లలకి ఆరోది చెప్పి ఆపేశాను, నావరకు ఏడోదాని జోలికే పోలేదు.

2004లో మళ్లీ అలాంటి కబురే వచ్చింది. కోర్ట్ ఆఫ్ ఆనర్ మళ్లీ అదే తీర్మానించింది. ఈసారి మినిట్సు నకలు రాసి, కింద నేనూ సంతకం పెట్టి హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన మంచివారే. "నా ఉద్యోగం మీదకి తెస్తారా?" అన్నారు. ఆ ఏడాది మా కంపెనీ రిజిస్ట్రేషన్ ఫీజు స్కూలు నిధి నుంచి రాలేదు, తల్లులు తలా కొంత వేసుకుని కట్టారు. మా పిల్లలు పూలు చల్లలేదు. కానీ ఆ రోజు పూలు ఎవరూ చల్లలేదని అనుకోకండి. ఏడో తరగతి ఆడపిల్లల్ని నిలబెట్టారు. మేం గెలిచామని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

ఇదంతా ఒక స్కూలు కథ కాదు. అమెరికాలో వందేళ్లు గౌరవంగా బతికిన బాయ్ స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా పిటిషన్ వేసింది. చిన్నప్పుడు తమ మీద లైంగిక అత్యాచారాలు జరిగాయని అందులో 82,000 మందికి పైగా క్లెయిములు పెట్టారు. వాళ్లలో చాలామంది అప్పటికి నడివయసు దాటిన మగవాళ్లు. అన్నేళ్లు ఆ పిల్లల నోరు నొక్కినవాళ్లలో నాలాంటి లీడర్లు కూడా ఉండే ఉంటారు. "పెద్దాయన, మంచివాడు, సంస్థ పరువు" అంటూ. పెద్దవాళ్లెవరూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదని, ఇద్దరు లీడర్లు తప్పనిసరిగా ఉండాలని అక్కడ కఠినంగా నియమాలు పెట్టుకోవాల్సి వచ్చింది. మన దగ్గర 2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే అదీ నేరమే. 2001లో నేను చేసింది ఇవాళ చేస్తే ఆ చట్టం కింద ముద్దాయినవుతాను. అది న్యాయమే.

చట్టం వచ్చింది సరే, అది క్యాంపులోకి ఎవరి ద్వారా వెళ్తుంది? ఇక్కడే మన సంఘాల మీద నాకు ఫిర్యాదు ఉంది. కిశోర బాలికల కోసం మనం వర్క్‌షాపులు పెడతాం. రెండు రోజులు, ఒక ఫ్లిప్ చార్టు, మధ్యాహ్నం భోజనం, ఫోటో. ప్రాజెక్టు అయిపోతే వెళ్లిపోతాం. అదే పిల్లలు పదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా వారం వారం కలిసే ఒక జట్టు స్కూల్లో ఉంటే, అది డ్రిల్లు, జెండా, దేశభక్తి అని దాన్ని వదిలేస్తాం. వదిలేసిన చోటు ఖాళీగా ఉండదు. దాన్ని స్వాగత తోరణంగా వాడుకునేవాళ్లు వాడుకుంటూనే ఉంటారు. తల్లిదండ్రులు మాత్రం దాన్ని వదల్లేదు. రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు సర్టిఫికెట్ల కోసం, రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది కదా అని పంపుతారు. అది చిన్న ఆశేం కాదు. ఆ ఆశ వల్లే మా ఊళ్లో ముగ్గురు నలుగురు పిల్లలకి తొమ్మిదో తరగతిలో ఆగాల్సిన చదువు ఆగలేదు.

ఈ పని ఆడవాళ్లచేత ఉచితంగా చేయించుకోవడం గురించి కూడా మనం మాట్లాడాలి. సేవ అంటారు. స్కౌట్ మాస్టారు ర్యాలీ నుంచి ఇంటికెళితే అన్నం సిద్ధంగా ఉంటుంది, గైడ్ కెప్టెన్ వెళ్లి పొయ్యి వెలిగించుకోవాలి. క్యాంపు రోజులకి డ్యూటీ సెలవు కోసం ప్రతిసారీ బతిమాలుకున్నాను. చేతి డబ్బు ఎంత పోయిందో లెక్క రాయలేదు, రాస్తే మా ఆయన చూస్తాడని భయం. రెండేళ్లకే మానేసిన టీచర్లని నేను తప్పుపట్టను.

నేను 2018లో రిటైరయ్యాను. మా స్కూల్లో గైడ్ కంపెనీకి ఆ తర్వాత కెప్టెన్ దొరకలేదు, పిల్లలు ఉన్నారు. స్కూళ్లకి సంబంధం లేకుండా నడిచే ఓపెన్ గ్రూపులు కూడా ఉంటాయి, వాటికి లీడరు టీచరే కానక్కర్లేదు. మీలో ఎవరైనా వారం రోజులు ఇల్లు వదిలి బేసిక్ కోర్సుకి వెళ్లగలిగితే, సంఘం తరఫున ఇద్దరు కలిసి వెళ్లండి. ఒక్కరే వద్దు. కోర్ట్ ఆఫ్ ఆనర్ మినిట్సు పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి, అడిగితే ఇస్తాను. 2001 ఏప్రిల్ పేజీలో ముగ్గురు లీడర్ల సంతకాల కింద ఎర్ర సిరాతో 'తిరస్కరించడమైనది' అని ఉంటుంది. ఆ రాత నాదే.