కాకిబంగారం కూడా సహజమే

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం సంచికలో అందం పేజీని మా ఇంట్లో అందరూ ఇష్టంగా చదువుతారు. నేను మాత్రం పళ్లు కొరుక్కుంటూ చదువుతాను. పోయిన వారం పేజీ పొడుగునా ఒకటే పాట: చెట్టున కాసింది, వంటింట్లో దొరికింది అయితే మొహానికి ఏ భయమూ లేదు, ఫ్యాక్టరీలో చేసిందైతేనే ప్రమాదం. గూడూరులో ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

సహజం అనగానే మా ఊరివాళ్లకు గుర్తురావలసింది కాకిబంగారం. పుస్తకాల్లో అభ్రకం, గని దగ్గర మైకా. మా అమ్మ మైకా షెడ్డులో రేకులు చీల్చేది. సాయంత్రం ఇంటికొస్తే చీర కుచ్చిళ్లలో, కనుబొమల మీద, ఒక్కోసారి మేం తినే అన్నంలో కూడా తళుకులే. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకీ విమానాలకీ ఈ రేకు కావలసివచ్చింది. మైకా గనుల కూలీల సంక్షేమ నిధి కోసం 1946లో ఏకంగా ఒక చట్టమే చేశారు. తర్వాత కరెంటు సామాన్లలో రేకు అవసరం తగ్గింది. ఇప్పుడు మైకా పొడి లిప్‌స్టిక్‌లోనూ కనురెప్పల రంగులోనూ మెరుస్తోంది. డబ్బా వెనక మైకా అనో, సీఐ 77019 అనో కనిపిస్తే అదే ఇది. సన్నని రేణువు మీద టైటానియం డయాక్సైడ్ పలచగా పూస్తారు. పూత పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగులు కలిసి, పూత మందాన్ని బట్టి ఒకచోట ముత్యంలా, ఒకచోట బంగారంలా, ఇంకోచోట నీలంగా కనిపిస్తాయి.

అచ్చంగా భూమిలోంచి తవ్వి తీసిందే కదా. కానీ ఆ రాతిని తొలిచినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరే ధూళీ సహజమే. జార్ఖండ్, బీహార్‌లలో పిల్లల చేత మైకా ఏరిస్తున్నారన్న సంగతి లోకానికి తెలిశాక కొన్ని కంపెనీలు కొలిమిలో తయారయ్యే కృత్రిమ మైకాకు మారాయి. ఎర్ర రంగు సంగతీ అంతే. జేగురుమట్టిలో ఇనుముతో పాటు సీసం, ఆర్సెనిక్ కూడా కలిసివస్తాయేమోనని, సౌందర్య సాధనాల్లో ఫ్యాక్టరీలో చేసిన ఐరన్ ఆక్సైడే వాడతారు. పాదరసపు ఇంగిలీకం కూడా గనిలోనే దొరుకుతుంది మరి!

ఇక నిమ్మకాయ. గూడూరు, పొదలకూరు నుంచి లారీలకొద్దీ ఢిల్లీ దాకా పోయే కాయ మీద నేను చెడు మాట్లాడితే ఇక్కడ బతకనివ్వరు. అయినా చెప్పాలి. మా ఆడపడుచు కూతురు కార్తీక పౌర్ణమికి మైపాడు సముద్రస్నానానికి బయల్దేరుతూ, చేతుల నలుపు పోతుందని నిమ్మచెక్క రుద్దుకుంది. కడుక్కోలేదు. మధ్యాహ్నం దాకా ఇసుకలో తిరిగింది. ఆ రోజు ఏమీ కనపడలేదు. రెండో రోజుకు మంట, ఆపైన బొబ్బలు, అవీ రసం కారిన దారి వెంటే గీతలు గీతలుగా. చేపల కూర పడలేదన్నారు, ఉప్పునీళ్లన్నారు. డాక్టరమ్మ మాత్రం చూడగానే నిమ్మకాయేనా అని అడిగింది. సంక్రాంతి దాటినా నల్లమచ్చలు పోలేదు. నిమ్మలో ఫ్యూరనోకూమరిన్లు అనేవి ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితే చర్మం కాలుతుంది. మీ పేజీలో నిమ్మరసం చిట్కా ఉంది. ఎండ మాట లేదు.

మా అమ్మమ్మ సున్నిపిండిలో పెసలు, కచ్చూరాలు, కస్తూరి పసుపుతో పాటు బావంచాలూ వేసేది. వాటిలో ఉండే సోరలెన్‌దీ ఇదే గుణం. బొల్లికి దాన్ని వాడే వైద్యులు వెలుతురును లెక్క ప్రకారమే చూపిస్తారు. మరి మాకేమీ కాలేదే? ఆవిడ తెల్లారకముందే నలుగు పెట్టి, పది నిమిషాల్లో కుంకుడుకాయ రసంతో తలంటి పోసేసేది. ఇప్పుడు దినుసుల పేర్లు గుర్తుపెట్టుకుని కడిగేయడం మరిచిపోయాం. అదే బావంచాల పొడిని రాత్రంతా ఉంచుకునే క్రీములో కలుపుకోమని చెప్పేవాళ్లూ ఉన్నారు.

కొన్న క్రీములో ఏముందో తెలియాలంటే డబ్బా వెనక్కి తిప్పాలి. నా అసలు ఫిర్యాదు ఇక్కడే. 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం ఒక శాతానికి మించిన పదార్థాలన్నిటినీ ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం లోపువి ఆ తర్వాత ఏ వరసలోనైనా రాయొచ్చు. ముందు అట్ట మీద కలబంద తోట వేసి, వెనక కలబంద పేరు చిట్టచివర ఉంటే విషయం అర్థమైపోతుంది. మంచి నియమమే, కానీ చిల్లు ఉంది. ముద్దలూ పొడులూ 30 గ్రాముల లోపు, ద్రవాలు 60 మిల్లీలీటర్ల లోపు ఉంటే ఆ జాబితా అక్కర్లేదు. లిప్‌స్టిక్ బరువు నాలుగైదు గ్రాములు. కాటుక ఇంకా తక్కువ. కోట, వాకాడు వైపు రొయ్యల షెడ్లకు పనికెళ్లే ఆడపిల్లలు కొనేది పది రూపాయల ట్యూబు. పెద్ద డబ్బా కొనగలిగినవాళ్లకు జాబితా, వీళ్లకు ఆకు బొమ్మ! కొన్ని కంపెనీలు వాటంతటవే వేస్తున్నాయి, కాదనను. వేయకపోయినా అడిగే దిక్కు లేదు.

ఇది ఊహించుకున్న భయం కాదు. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. వారిలో 15 మందికి జబ్బు ఒకే ప్రత్యేక లక్షణంతో కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లే. ఇలాంటి క్రీముల్లో భయం పాదరసంతోనే. మన నియమాల్లో అనుకోకుండా కలిసే పాదరసం పది లక్షల పాళ్లలో ఒక పాలు మించకూడదు, కంటి రంగులకు మాత్రం 70. పాదరసం కలిపేవాడు జాబితాలో ఆ పేరు రాయడు, నిజమే. కానీ ప్రతి ట్యూబు మీదా జాబితా ఉండి తీరాలంటే, లేనిదాన్ని చూడగానే కొనేవాళ్లు పక్కన పెడతారు.

చిన్న ట్యూబు మీద చోటేదీ అంటారు. బీడీ కట్ట మీద అంత హెచ్చరిక బొమ్మకు చోటు దొరికింది కదా. హీరోయిన్ మొహం కాస్త చిన్నది చేస్తే సరి.

కాబట్టి మీ పత్రిక ఆ మినహాయింపు ఎత్తేయాలని రాయాలి. అందం పేజీలో చిట్కా ఒకటి తగ్గించి, వారానికో పదార్థం పేరును తెలుగులో విప్పి చెప్పాలి. టోకోఫెరాల్ అంటే విటమిన్ ఇ అని ఎంతమందికి తెలుసు? ముందు ఆక్వాతో మొదలుపెట్టండి. చాలా క్రీముల్లో మొదటి పేరు అదే. అంటే నీళ్లే. ఆ సంగతి చెప్పిన రోజు మా కోడలు తన ఆరువందల డబ్బాను తిప్పి తిప్పి చూసి, నాతో పొద్దుగూకే దాకా మాట్లాడలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయిని,
గూడూరు