డబ్బా మీద థ్రస్టు, గాల్లో థ్రస్టు

ముందే చెప్పేస్తున్నా, ఇది రిమోట్ విమానాల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం, లేదా ఆ పిచ్చి అంటుకోబోతున్నవాళ్ళ కోసం రాస్తున్న టపా. మిగతావాళ్ళూ చదవొచ్చు. సర్వర్లకి కెపాసిటీ లెక్కలు వేసి చేతులు కాల్చుకున్న ప్రతివాడికీ ఇందులో ఎక్కడో ఒకచోట తన కథ కనిపిస్తుంది.

సంగతేంటంటే, నేనుండే డాలస్ వైపు మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ముగ్గురు నలుగురు ఈ ఏడాదిలో నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "బాసూ, 120 మిల్లీమీటర్ల ఫ్యాను, 12ఎస్, తొమ్మిదిన్నర కిలోల థ్రస్టట. జెట్టు బరువు పది కిలోలు. తీసేసుకోనా?" వీళ్ళలో ఇద్దరు అంతకుముందు ఎగరేసింది కిలోన్నర బరువుండే ఫోమ్ ట్రైనర్. బోనస్ పడింది, క్రెడిట్ కార్డు ఉంది, వెబ్‌సైట్లో బొమ్మ అదిరిపోయేలా ఉంది. ఇంకేం కావాలి?

నేను చెప్పేది ఒక్కటే. డబ్బా మీద రాసిన థ్రస్టు చూసి పెద్ద ఈడీఎఫ్ జెట్టు కొనకండి. ఆఖరి నిమిషంలో మీ దగ్గర ఎంత థ్రస్టు మిగిలి ఉంటుందో లెక్క వేసుకుని, ఆ నంబరుతో ఎగరగలిగితేనే కొనండి.

ఈడీఎఫ్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. విమానం పొట్టలో ఒక గొట్టం, అందులో పది పన్నెండు రెక్కల ఫ్యాను, దాన్ని తిప్పే బ్రష్‌లెస్ మోటారు, ఆ మోటారుకి లిథియం పాలిమర్ బ్యాటరీలు. ముందునుంచి గాలి లాగి వెనకనుంచి వేగంగా తోస్తుంది, అంతే. మంట లేదు, కిరోసిన్ లేదు. 1980ల్లో ఇదే గొట్టంలో చెవులు చిల్లులు పడేలా అరిచే గ్లో ఇంజన్లు పెట్టి తిప్పేవారు. బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం బ్యాటరీలు వచ్చాక ఆ బాధ పోయింది. ఎఫ్-16, మిగ్-29 లాంటి వాటి నమూనాలు చిన్న కుర్రాడంత పొడవున్నవి కూడా ఇప్పుడు కరెంటు మీద ఎగురుతున్నాయి.

ఇక లెక్కలు. భయపడకండి, ఇంటర్ ఫిజిక్సే. 120 మిల్లీమీటర్ల ఫ్యానులో మధ్యనుండే మోటారు గుండు తీసేస్తే గాలి పోవడానికి మిగిలే వైశాల్యం సుమారు 93 చదరపు సెంటీమీటర్లు. గాలిని సెకనుకి 90 మీటర్ల వేగంతో వెనక్కి తోస్తే వచ్చే థ్రస్టు తొమ్మిది కిలోల పైచిలుకు. ఆ గాలికి ఇవ్వాల్సిన శక్తి నాలుగు కిలోవాట్లు. ఫ్యానులో, మోటారులో, స్పీడ్ కంట్రోలర్లో పోయే నష్టాలు కలుపుకుంటే బ్యాటరీ నుంచి లాగేది ఆరు కిలోవాట్లు. నాలుగు గీజర్లు ఒకేసారి ఆన్ చేసినట్టు! 12ఎస్ అంటే పన్నెండు సెల్స్ వరుసగా, కాబట్టి లోడ్ మీద ఓ 45 వోల్టులు. అంటే 130 ఆంపియర్ల పైమాట.

ఇప్పుడు 6000 మిల్లీ ఆంపియర్ అవర్ల ప్యాకులు పెట్టారనుకోండి. ఫుల్ థ్రాటిల్ మీద రెండు నిమిషాల నలభై సెకన్లలో పూర్తిగా ఖాళీ. లిథియం పాలిమర్‌ని పూర్తిగా పిండకూడదు కాబట్టి 80 శాతమే వాడాలి. మిగిలింది రెండు నిమిషాల చిల్లర. "మరి వీడియోల్లో నాలుగైదు నిమిషాలు ఎగరేస్తున్నారు కదా?" అంటారా? ఎగరేస్తారు. అదే గొట్టంలో సగం థ్రస్టు చాలనుకుంటే పవరు సగం కాదు, 35 శాతమే కావాలి. పెద్ద జెట్టు ఎగరేసేవాడి పనితనమంతా ఎడమచేతి బొటనవేలిని ఎంతసేపు సగం దగ్గర ఉంచగలడన్న దాంట్లోనే ఉంది. అడుగున పడుకోబెట్టి ఫుల్ థ్రాటిల్ మీద రన్‌వే ముందునుంచి దూసుకెళ్ళడం ఫ్లైటుకి రెండుసార్లు చెయ్యొచ్చు, ఎనిమిదిసార్లు కాదు.

ఇంకో తిరకాసు. ఆ తొమ్మిదిన్నర కిలోలు బల్ల మీద కట్టేసి కొలిచిన థ్రస్టు. విమానం తానే సెకనుకి 45 మీటర్లు వెళ్తుంటే, ఫ్యాను వెనక్కి తోసే గాలికీ విమానానికీ తేడా 90 నుంచి 45కి పడిపోతుంది. మొహం మీద కొట్టే గాలి కాస్త సాయం చేస్తుంది కానీ, స్థూలంగా చూస్తే థ్రస్టు సగానికి దగ్గరగా వచ్చేస్తుంది. అది కూడా గొట్టం సరిగా ఉంటే. అసలు విమానాన్ని అచ్చుగుద్దినట్టు చిన్నది చేస్తే గాలి తీసుకునే నోళ్ళు ఫ్యానుకి చాలవు. అందుకే పొట్టకింద అదనపు కంతలు పెడతారు. నోటి అంచులు గుండ్రంగా లేకపోతే గాలి అక్కడే చీలిపోయి ఫ్యాను ఊపిరాడక ఏడుస్తుంది. నన్నడిగితే ఇంకో కిలోవాటు మోటారు కొనే డబ్బుతో గొట్టం లోపల నున్నగా చేయించుకోవడం మేలు. పది శాతం ఎక్కువ థ్రస్టు కావాలంటే పదిహేను శాతం ఎక్కువ పవరు తగలెయ్యాలి మరి.

ఇప్పుడు అసలు కథ, ఆఖరి నిమిషం. బ్యాటరీ ప్రతి సెల్‌లోనూ కాస్త అంతర్గత నిరోధం ఉంటుంది. మంచి ప్యాకులో సెల్‌కి రెండు మిల్లీ ఓమ్స్ అనుకుందాం. పన్నెండుకి 24. 130 ఆంపియర్లు లాగితే మూడు వోల్టులు అక్కడే ఆవిరి. టేకాఫ్‌లో నిండు బ్యాటరీ 50.4 వోల్టులు, లోడ్ మీద 47 దాకా. చివర్లో సెల్ 3.75కి వచ్చాక మొత్తం 45, లోడ్ మీద 42. "ఐదు వోల్టులే కదా" అనిపిస్తుంది. కానీ ఫ్యాను వేగం వోల్టుల వెంట పోతుంది, థ్రస్టు ఆ వేగం వర్గం వెంట పోతుంది. దాంతో థ్రస్టు ఇరవై శాతం హాంఫట్. ఇది కొత్త ప్యాకుతో. రెండేళ్ళు వాడిన, సెల్‌కి ఆరు మిల్లీ ఓమ్స్‌కి చేరిన ముసలి ప్యాకుతో అయితే డబ్బా మీది నంబరులో దాదాపు నలభై శాతం ఉండదు. చలికాలం పొద్దున్నే అయితే ఇంకా ఘోరం. ప్యాకు మీద 100సీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ లెక్క మారదు. ఆ సీ నంబర్లని నేను టీవీలో ఫేస్‌క్రీమ్ యాడ్ చూసినట్టు చూస్తా.

ఇక్కడే టర్బైనుకీ దీనికీ తేడా. టర్బైను జెట్టు కిరోసిన్ తాగేకొద్దీ తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా దాని బరువు అంతే. అంటే పది కిలోలతో లేచిన విమానం పది కిలోలతోనే దిగాలి, అదీ థ్రస్టు అతి తక్కువగా ఉన్న క్షణంలో. కిలోకి కిలో చూస్తే కిరోసిన్‌లో ఉండే శక్తి ఈ బ్యాటరీలకి అరవై డెబ్బై రెట్లు. చిన్న టర్బైన్లు అందులో చాలా భాగం వేడిగా తగలేస్తాయి, అయినా ఇంకో రౌండు తిరిగొచ్చే చమురు మిగులుతుంది.

ల్యాండింగుకి వస్తున్నారు. ఇంత బరువుకి అంత చిన్న రెక్కలు కాబట్టి గంటకి 55 కిలోమీటర్ల దగ్గర స్టాల్, మీరు వచ్చేది 70తో. రన్‌వే మీదకి ఎవరో నడిచొచ్చారు, లేదా గాలి పక్కకి తోసింది. మళ్ళీ పైకి లేవాలి. ప్రొపెల్లర్ విమానమైతే థ్రాటిల్ నొక్కగానే ఆ గాలి రెక్కల మీద, తోక మీద కొట్టి అక్కడికక్కడే పట్టు దొరుకుతుంది. ఈడీఎఫ్‌లో గాలంతా గొట్టంలోంచి పోతుంది, తోకకి దక్కేదేమీ లేదు. పైగా ఫ్యాను పుంజుకోవడానికి ఓ క్షణం పడుతుంది. ఆ క్షణంలో ముక్కు పైకెత్తారా, స్టాల్. స్పీడ్ కంట్రోలర్లో లో-వోల్టేజ్ కటాఫ్ గట్టిగా పెట్టుకున్నారా, సరిగ్గా అప్పుడే అది మేలుకుంటుంది. బ్యాటరీని కాపాడి విమానాన్ని పడేస్తుంది. పాతిక వేల రూపాయల బ్యాటరీ కోసం రెండు మూడు లక్షల విమానం!

మనకి బాగా తెలిసిన కథే కదా ఇది. డెమోలో సిస్టం పరుగెడుతుంది. శుక్రవారం సాయంత్రం, డిస్కు తొంభై శాతం నిండి, ట్రాఫిక్ పెరిగినప్పుడు అసలు రంగు బయటపడుతుంది. ఆఫీసులో ఆ పరిస్థితి కోసం డిజైన్ చేస్తాం, లేదా చేస్తున్నామని మేనేజరుకి చెప్తాం. ఆదివారం ఫీల్డుకి వెళ్ళేసరికి ఆ బుద్ధి ఎటు పోతుందో!

పద్ధతులు పెద్ద కష్టమేం కాదు. టైమరుని మొదట్లో మూడు నిమిషాలకి పెట్టుకోండి, దిగాక ఛార్జరు ఎంత ఎక్కించిందో చూసి పెంచుకోండి. వోల్టేజ్ చూసి నిర్ణయించకండి, థ్రాటిల్ నొక్కితే పడుతుంది, వదిలితే లేస్తుంది, మాయదారి నంబరది. వాడిన మిల్లీ ఆంపియర్ అవర్లు టెలిమెట్రీలో చెప్పించుకోండి. 30 శాతం మిగిలుండగా చక్రాలు నేల తాకాలి. రెండు 6ఎస్ ప్యాకుల్ని కలిపినప్పుడు రెండూ ఒకేరోజు కొన్నవి, ఎప్పుడూ జంటగానే వాడినవి అయ్యుండాలి, ఒక్క బలహీనమైన సెల్ చాలు మొత్తం కూలడానికి. రిసీవరుకి వేరే బ్యాటరీ తప్పనిసరి, ఇందులో బేరాల్లేవు.

ఇక నా గోల. అమెరికాలో ఏఎమ్ఏ అని మోడల్ విమానాల సంఘం ఉంది. టర్బైను ఎగరెయ్యాలంటే వాళ్ళ వెయివర్ కావాలి, అనుభవమున్నవాళ్ళ ముందు ఎగరేసి చూపించి సంతకాలు తెచ్చుకోవాలి. అదే బరువు, ఇంచుమించు అదే వేగం ఉన్న ఈడీఎఫ్‌కి అదేమీ అక్కర్లేదు. ఎఫ్ఏఏ అడిగే ట్రస్ట్ పరీక్ష ఉంది కానీ, అందులో తప్పు చెప్తే సరైనది చెప్పి మళ్ళీ అడుగుతుంది. ఎగరెయ్యడం వచ్చా అని ఎవరూ చూడరు. కానీ పది కిలోల వస్తువు సెకనుకి 45 మీటర్లతో వెళ్తుంటే దానిలోని శక్తి పదివేల జూళ్ళు. మనిషితో కలిపి 200 కిలోల బైకు గంటకి 36 కిలోమీటర్లతో వచ్చి గుద్దినంత. తగిలేవాడికి లోపల మంట ఉందా, మోటారు ఉందా అన్న తేడా తెలుస్తుందా?

"ఉన్న రూల్సు చాలక ఇంకోటా?" అని మా క్లబ్బులో పెద్దాయన ఒకరు కసిరారు. ఆయన బాధ నాకర్థమవుతుంది. రిజిస్ట్రేషన్లు, రిమోట్ ఐడీలు వచ్చాక ఈ సరదా ముప్పావు వంతు కాగితాల పనైంది. అందుకే నేను ప్రభుత్వాన్ని అడగట్లేదు. క్లబ్బులే ఒక చిన్న అలవాటు పెట్టుకుంటే చాలు. ఐదు కిలోలు దాటిన ఈడీఎఫ్ తెచ్చినవాడు మొదటిసారి, బ్యాటరీ సగం పైగా వాడేశాక, ల్యాండింగుకి దిగి, మనం "వద్దు" అనగానే మళ్ళీ లేచి ఒక రౌండు తిరిగొచ్చి దిగి చూపించాలి. అది చెయ్యగలిగితే వాడి పవర్ సిస్టమూ, వాడి బొటనవేలూ రెండూ పాసైనట్టే. ఐదు నిమిషాల పని. దీనికి 70 మిల్లీమీటర్లు, 90 మిల్లీమీటర్లు దాటుకుంటూ వచ్చినవాడు నవ్వుతూ ఒప్పుకుంటాడు. ఒప్పుకోనివాడే అసలు అనుమానించాల్సినవాడు.

ఇండియా వెళ్ళాక అక్కడ ఎగరేస్తామనేవాళ్ళకి రెండు సంగతులు. 2021 డ్రోన్ నియమాల్లో 25 కిలోల వరకు, సరదాకో చదువుకో, కంటికి కనిపించే దూరంలో ఎగరేసేవి మోడల్ అనే వర్గంలోకి వస్తాయి, వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ మీ పొలం ఏ రంగు జోన్లో ఉందో మ్యాపులో చూసుకోవాలి. ఇక ఆవకాయ తెచ్చుకున్నంత సులువుగా ఈ ప్యాకుల్ని సూట్‌కేసులో పట్టుకెళ్ళలేం. 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుడితో విమానం ఎక్కనివ్వరు. 6ఎస్ 8000 ప్యాకు అయితే 178.

రెండోది గాలి. హైదరాబాదు సముద్రమట్టానికి ఐదొందల మీటర్లకి పైనే ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత ప్రామాణిక లెక్క కంటే 14 శాతం తక్కువ. అదే వేగంతో ఫ్యాను తిరిగినా థ్రస్టు అంతమేర తగ్గుతుంది, స్టాల్ వేగం ఏడెనిమిది శాతం పెరుగుతుంది. అంటే మీ ఆఖరి నిమిషం థ్రస్టులోంచి ఇంకో కోత, రన్‌వే మాత్రం ఇంకా పొడుగు కావాలి. అలాంటి మధ్యాహ్నం నేనైతే టైమరులోంచి ఇంకో ముప్ఫై సెకన్లు తీసేస్తా, లేదంటే పొద్దున్నే ఆరింటికి ఎగరేసి టిఫిను టైముకి ఇంటికొచ్చేస్తా.