పాత కటకము – కొత్త కెమేరా

బీరువా అడుగున తోలుసంచిలో పడియున్న తాతగారి కెమేరాను పాతసామానువానికి తూకమునకు వేయు ఇండ్లు నేడు లేకపోలేదు. ఫిలిము వాడుక సన్నగిల్లినది. కడిగి ఇచ్చు స్టూడియోలు అరుదైనవి. కాని కెమేరా మూగవోయినను దాని ముందరి కటకమునకు చూపు పోలేదు. దానిని విప్పి, నడుమ అడాప్టరు అనెడి లోహపు కడియమొకటి చేర్చి, నేటి డిజిటల్ కెమేరాకు బిగించి బొమ్మలు తీయు యువకులు మనలోను ఉన్నారు. ఇది వట్టి పాతమోజని కొందరు కొట్టివేయుదురు. పాతగాజులో ఏదో మహిమ గలదని మరికొందరు పొంగిపోవుదురు. ఈ రెండు మాటలును నాకు రుచింపవు. ఆ కటకమునకు తగిన చోటు మన బడి తరగతి గది యని నా అభిప్రాయము.

సోవియట్ దేశమున జెనిట్ కెమేరాలతో పాటు లక్షలకొలది తయారైన హీలియోస్ 44-2 ను చూడుడు. దాని నాభ్యంతరము 58 మి.మీ. రూపకల్పనకు మూలము జర్మనీలోని యేనా నగరమందు కార్ల్ జైస్ వారు చేసిన బయోటార్. ఇది 42 మి.మీ. వ్యాసముగల మరతో కెమేరాకు బిగియును. ఆ బిగింపు అంచునుండి ఫిలిమునకు 45.46 మి.మీ. దూరముండవలెను, నడుమ అద్దమొకటి లేచి పడుటకు అంత చోటు కావలసివచ్చెను. 2008 నుండి అద్దములేని కెమేరాలు వచ్చినవి. సోనీ ఇ తరగతి కెమేరాలో ఆ దూరము 18 మి.మీ. మాత్రమే. తీసివేయగా మిగిలిన 27.46 మి.మీ. యే అడాప్టరు మందము. సాధారణమైన అడాప్టరులో గాజు లేదు, తీగ లేదు. లోపల ఉన్నది గాలియే.

ఇదే కటకమును నికాన్ వారి అద్దపు కెమేరాకు బిగింపబోయిన లెక్క తిరుగబడును. అక్కడి దూరము 46.5 మి.మీ. అడాప్టరు మందము సున్నకన్న తక్కువ కావలెను! ఫలితముగా ముంగిటి పువ్వు స్పష్టముగా పడును గాని దూరపు కొండ మసకబారును. దానిని సరిచేయుటకు అదనముగా గాజుబిళ్ళ పెట్టవలసి వచ్చును. ఋణసంఖ్య యెందుకని విసుగుకొను విద్యార్థికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కటకసూత్రమును మన పిల్లలు పదవ తరగతిలో వల్లించుచున్నారు, పరీక్షలో వ్రాయుచున్నారు. కాని ఎందరు కటకమును చేత త్రిప్పి చూచిరి? 58 మి.మీ. కటకము ఒక మీటరు దూరపు వస్తువును చూపవలెనన్న సుమారు 3.6 మి.మీ. ముందునకు జరుగవలెనని సూత్రము చెప్పును. వలయమును త్రిప్పి, జరిగిన దూరమును స్కేలుతో కొలిచినచో సూత్రము చేతికి తగులును. అపెర్చరు వలయముపై 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని చెక్కియుండును. ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగుచుండగా అంకె రెట్టింపు కాదేమని చురుకైన పిల్లవాడు తప్పక అడుగును. వెలుగు రంధ్రపు వైశాల్యమును బట్టి యుండును, అంకె వ్యాసమును బట్టి యుండును; కనుక అంకె 2 యొక్క వర్గమూలమంత రెట్లే పెరుగును. గణితోపాధ్యాయుని పిలువవలసిన ఘట్టమిది.

కెమేరాయే స్వయముగా స్పష్టత కుదుర్చుట చెడ్డదని నేననను. కబడ్డీ ఆటగాని బొమ్మ తీయుటకు ఈ పాత కటకమును పట్టినచో, మనము వలయము త్రిప్పులోపల అతడు కూత ముగించి తన గడికి చేరుకొనును. హీలియోస్ బొమ్మలలో వెనుకటి ఆకులు సుడితిరిగినట్లుండుట గొప్ప కళయనుటయు నాకు సమ్మతము కాదు. అంచులయందలి వెలుగుచుక్కలు గుండ్రదనము కోల్పోయి పిల్లికన్ను వలె సాగుటచే కలుగు లోపమది. ఫిలిముకన్న చిన్న సెన్సరుగల కెమేరాలో ఆ అంచులు కత్తిరింపబడును గనుక ఆ సుడియు చాలవరకు మాయమగును!

ప్రయత్నించు ఉపాధ్యాయులకు రెండు మాటలు. కటకమును గుర్తింపలేక కెమేరా బొమ్మ తీయుటకు నిరాకరింపవచ్చును. అది చెడిపోలేదు, కటకము లేకున్నను పనిచేయుమని అమరికలో చెప్పవలెను. 1960ల నాటి జపాను కటకములు కొన్నింటిలో, ముఖ్యముగా 50 మి.మీ. టాకుమార్‌లలో, థోరియము కలిసిన గాజు గలదు. అది స్వల్పముగా రేడియోధార్మికము, పసుపుపచ్చబారి యుండును. బొమ్మలు తీయుట తప్పుగాదు గాని పిల్లలచేత విప్పింపరాదు.

కొనునప్పుడు కటకమును దీపమునకెదురుగా పట్టి చూడవలెను. సముద్రతీరపు తేమలో ఉండిన గాజులో సాలెగూటివంటి సన్నని పోగులు కనిపించినచో అది బూజు. అది ముదిరిన కటకము కెమేరాకు అంతగా పనికిరాదు. తలుపులు మూసిన గదిలో, కిటికీ ఆవలి వేపచెట్టును తెల్లకాగితముపై తలక్రిందులుగా చూపుటకు మాత్రము చక్కగా పనికివచ్చును.