ఊరు చూడని ఊరి జట్టు

క్రికెట్టు గురించి ఒక్క నెలైనా రాయరేమని ముగ్గురు నలుగురు పాఠకులు అడుగుతూ వస్తున్నారు. వారిలో ఇద్దరు ఆదివారం ఆటలో వేలు వాచి, సోమవారం పొద్దున్నే మాకు ఫోను చేసినవారే. (తోలుబంతి ఆడేముందు ఉంగరం తీసి ఇంట్లో పెట్టండి. వేలు వాచాక తియ్యాలంటే కత్తిరించవలసి వస్తుంది. ఈ నెలకి ఇంతకు మించి వైద్యం లేదు.) వారు ప్రత్యేకంగా అడిగినది సియాటిల్ ఆర్కాస్ సంగతి. మనం ఉంటున్న ప్రాంతం పేరు పెట్టుకుని, జీతాలిచ్చి ఆడించే జట్టు కదా, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పమన్నారు.

ఈ దేశానికి క్రికెట్టు కొత్తది కాదు. అమెరికా, కెనడాలు న్యూయార్కులో 1844లోనే ఆడాయి. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల మొదటి టెస్టు 1877లో గాని జరగలేదు. ఫిలడెల్ఫియా బౌలరు బార్ట్ కింగ్ 1908లో ఇంగ్లండు వెళ్ళి, అక్కడి బౌలింగ్ సగటుల్లో అందరికంటే పైన నిలిచాడు. ఆ తర్వాత బేస్‌బాల్ ధాటికి ఆట మూలపడింది. మళ్ళీ దాన్ని పైకి తెచ్చినవారు వారాంతాల్లో పార్కుల్లో చాపలు పరచుకుని ఆడిన వలస కుటుంబాలవాళ్ళే. వెస్టిండీస్ వారూ, పాకిస్తానీలూ, మనమూను.

మేజర్ లీగ్ క్రికెట్ 2023 జూలై 13న టెక్సస్‌లోని గ్రాండ్ ప్రెయిరీలో మొదలైంది. అది కూడా ఒకప్పటి బేస్‌బాల్ మైదానమే, క్రికెట్టుకు తగినట్టు మార్చారు. లీగులో జట్లు ఆరు. మన జట్టుకు ప్యూజెట్ సౌండ్‌లో తిరిగే నలుపు తెలుపు ఆర్కాల పేరు పెట్టారు. పెట్టుబడి పెట్టినవారిలో సత్య నాదెళ్ల గారు, సోమసేగర్ గారు వంటి మైక్రోసాఫ్ట్ పెద్దలున్నారు. నాదెళ్ల గారు బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో ఆఫ్ స్పిన్ వేసినవారు. తన బంతులకు దెబ్బలు పడుతుంటే కెప్టెను తానే వచ్చి వికెట్టు తీసి, మళ్ళీ బంతి తన చేతికే ఇచ్చాడని 2017లో వచ్చిన తమ పుస్తకంలో రాసుకున్నారు. 2023లో వారితో చేతులు కలిపినవారు జి.ఎం.ఆర్. గ్రూపు, అంటే రాజాం గ్రంధి మల్లికార్జునరావు గారి సంస్థ. జూట్ మిల్లుతో మొదలై, మనం సెలవులకు వెళ్ళినప్పుడు దిగే శంషాబాద్ విమానాశ్రయం దాకా కట్టినవారు. ఢిల్లీ ఐ.పి.ఎల్. జట్టులోనూ వారికి భాగముంది. కాబట్టి యజమానుల వరుసలో తెలుగుదనానికి లోటు లేదు.

ఇక ఆటగాళ్ళు. మొదటి ఏడు నియమం ప్రకారం బరిలోకి దిగే పదకొండుమందిలో ఆరుగురి దాకా విదేశీయులు ఉండవచ్చు, మిగిలినవారు అమెరికా ఆటగాళ్ళు. వీరి ఎంపిక 2023 మార్చిలో హ్యూస్టన్‌లో జరిగింది. లీగు మొత్తానికి మొట్టమొదట పిలిచిన పేరు హర్మీత్ సింగ్, పిలిచింది ఆర్కాస్. ముంబైలో పుట్టిన ఎడమచేతి స్పిన్నరు. 2012లో అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. ఇక్కడికొచ్చి సియాటిల్ థండర్‌బోల్ట్స్‌కు ఆడాడు. ఆ జట్టు 2022లో మైనర్ లీగ్ గెలిచింది. అంటే ఆర్కాస్‌కు ముందే మన ఊరి పేరుమీద ఒక కప్పు వచ్చింది, మనలో ఎంతమంది గమనించామో!

మొదటి ఏడాది జట్టు బాగా ఆడింది. దక్షిణాఫ్రికా వేన్ పార్నెల్ కెప్టెను. హెన్రిక్ క్లాసెన్ న్యూయార్కు మీద కొట్టిన 110 ఆ లీగులో మొదటి సెంచరీ. పట్టికలో అందరికంటే పైన నిలిచి ఫైనలుకు వెళ్ళి, అదే న్యూయార్కు చేతిలో ఓడింది. నికొలస్ పూరన్ 55 బంతుల్లో 137 కొడితే ఎవరేం చెయ్యగలరు! 2024లో ఒక్కటే గెలిచి అట్టడుగుకు పోయింది. 2025లో మొదటి అయిదు ఆటలూ ఓడి, కెప్టెన్సీ క్లాసెన్ నుంచి సికందర్ రజాకు మారాక న్యూయార్కు మీద 238 లక్ష్యాన్ని అందుకుంది. గయానా కుర్రాడు హెట్‌మయర్ చివరి బంతికి సిక్సు కొట్టాడు. ఆ పై మ్యాచిలోనూ చివరి బంతికి సిక్సే.

చిత్రమేమిటంటే ఈ ఆటల్లో ఒక్కటీ సియాటిల్‌లో జరగలేదు. గ్రాండ్ ప్రెయిరీ, నార్త్ కెరొలైనాలోని మోరిస్‌విల్, ఆ తర్వాత ఓక్లాండ్, ఫ్లోరిడాలోని లాడర్‌హిల్. 2025 ఆటలు ముగిసేదాకా జట్టు మనూరి గడ్డమీద ఒక్క లీగు బంతి వెయ్యలేదు. మనవాళ్ళు టీవీలో చూశారు, ఓపికున్నవారు విమానమెక్కి వెళ్ళి చూశారు.

ఇది చూస్తే మాకు డెక్కన్ చార్జర్స్ గుర్తుకొస్తారు. అప్పుడు మేము మెడికల్ కాలేజీ హాస్టల్లో ఉన్నాం. 2009లో ఎన్నికల వల్ల ఐ.పి.ఎల్. మొత్తం దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. అంతకుముందు ఏడు ఆఖరున నిలిచిన హైదరాబాదు జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో జొహానెస్‌బర్గ్‌లో బెంగుళూరును ఆరు పరుగులతో ఓడించి కప్పు గెలిచింది. మా టీవీ గదిలో కుర్చీలు విరిగాయి. మరుసటి ఏడు ఉద్యమం రోజులు, సొంత ఊరి ఆటలు నాగపూర్, కటక్, నవీ ముంబైలకు వెళ్ళాయి. రెండేళ్ళపాటు అది కూడా ఊరు చూడని ఊరి జట్టే. అయినా మనదనిపించింది. ఎందుకంటే లక్ష్మణ్, వేణుగోపాలరావు, సుమన్, రవితేజ, ఓఝా మన లీగుల్లోంచి వచ్చినవాళ్ళు. మా హాస్టల్లో వారి ఆట మైదానంలో కూర్చుని చూసినవారున్నారు. 2012లో డబ్బు గొడవల్లో జట్టు రద్దయింది. కాగితం మీద సంతకంతో పోయింది. మరుసటి ఏడు కొత్త యజమాని, కొత్త పేరు, నారింజ చొక్కాలు.

హైదరాబాదు రంజీ జట్టు అలా పోలేదు. దానికి క్లబ్బులూ, కాలేజీలూ, జింఖానా మైదానమూ ఉన్నాయి. 1937-38లో గెలిచి, మళ్ళీ 1986-87లో గెలిచింది. మధ్యలో యాభై ఏళ్ళు ఓపిక పట్టింది. 1994లో ఆంధ్రా మీద 944 పరుగులు చేసినప్పుడు అందులో 366 డాక్టరు ఎం.వి. శ్రీధర్ గారివి. ఎం.బి.బి.ఎస్. చదివి అంత ఆడిన మనిషి ఉన్నాడని ఇంట్లో పిల్లలకు చెబుతుంటాం. (మేము పక్కా ఆంధ్రా వాళ్ళం, ఆ స్కోరు చెప్పేటప్పుడు కొంచెం గొంతు తగ్గిస్తాం.)

అందుచేత మాకు ఆర్కాస్ పట్టికలో ఎక్కడుందన్నది అంత దిగులు కాదు. పదకొండుమందిలో ఇక్కడ పెరిగిన పిల్లలెందరు? అమెరికా ఆటగాడన్న మాటకు చాలావరకు అర్థం ముంబైలోనో లాహోరులోనో ఆట నేర్చి, ఇక్కడ మూడేళ్ళు నివాసం పూర్తిచేసిన పెద్దవాడని. వాళ్ళ శ్రమను మేము తక్కువ చెయ్యటం లేదు. కాని దారి లేదనీ అనలేము. న్యూజెర్సీలో పుట్టిన ముక్కామల సాయితేజ టెక్సస్ జట్టులో చేరాడు, అమెరికాకు ఆడాడు. అలాంటివాడు రెడ్‌మండ్ నుంచో, బెల్‌వ్యూ నుంచో రావద్దూ? మనింటి పిల్లలు పదమూడు పద్నాలుగేళ్ళదాకా చక్కగా ఆడతారు. ఆ పైన కాలేజీ దరఖాస్తుల లెక్కలు మొదలవుతాయి. బ్యాటు గరాజులో గోల్ఫు సంచి వెనక్కు వెళ్ళిపోతుంది. స్కూల్లో జట్టు లేదు, పచ్చిక పిచ్ లేదు, తల్లిదండ్రులకు ధైర్యం లేదు. మొదటి రెండూ ఉంటే మూడోది కొంత వస్తుందని మా నమ్మకం.

రెడ్‌మండ్ మేరీమూర్ పార్కులో క్రికెట్టు స్టేడియం కట్టాలన్న ప్రతిపాదన 2023 నాటికే ఉంది. 2025 ఆటలు ముగిసేసరికి కూడా అది లేవలేదు. యజమానులకు డబ్బుంది, అందులో మనకు సందేహం లేదు. కాని పార్కు కౌంటీది, అంటే అందరిదీ. ట్రాఫిక్కు అనీ, పార్కింగు అనీ, పక్షులనీ అభ్యంతరం చెప్పేవారూ మన పొరుగువారే. వారి మాట వినాలి, జవాబు చెప్పాలి. కౌంటీవారు ప్రజాభిప్రాయం అడిగినప్పుడల్లా మన ఇళ్ళనుంచి ఉత్తరాలు వెళ్ళాలి. స్టేడియం కడితే లీగు ఆడే రోజులు పోను మిగిలిన ఏడాదంతా అక్కడ పిల్లలకు పచ్చిక పిచ్ మీద ఆడే వీలు ఉంటుందా లేదా అని అందులో సూటిగా అడగండి. యజమానులను కూడా అదే అడగండి. వారిలో కొందరు మన సభలకు వచ్చి ముందు వరుసలో కూర్చుంటారు, అడగటం కష్టమేమీ కాదు.